పేరులు మాయుచున్న పండ్లు
(తిరుత్తణిలో మన సంఘ సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరి, విషయము మీ ఇష్టమనిరి. నేను “పోర్చుగలు దేశపు వైనులు, మన మామిడిపండ్లు” అని చీటి వ్రాసి పంపితిని. దానిని చదివి వారు నా వంక చూచిన చూపు ఇంకను నాకు జ్ఞాపకమున్నది. వైను మాట మన వేదిక మీద రావచ్చునా యని వారి సందేహము. మీలోను కొందరికి అట్టి సందేహమే యుండవచ్చును. నేను దానిని ముట్టినవాడను కాను, మిమ్ము ముట్టుమని చెప్పుటకును రాలేదు. మామిడి మండీ నడుపువాడను. పదవ తరగతితో చదువు ముగించినవాడను. నాకు తెలిసినది కాయ, దాని పేరు, దాని ధర. ఆ పేరును గురించియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

2025వ సంవత్సరపు వేసవిని మీలో తోపులున్నవారు మరచియుండరు. కాపు విరివిగ వచ్చినది. ఏ తోపు చూచినను బెంగళూరయే. మనము బెంగళూర యను కాయనే తమిళులు కిళిమూక్కు అందురు, కోస్తాజిల్లాల వారు కలెక్టరు అందురు, గుజ్జు ఫ్యాక్టరీల కాగితములలో తోతాపురి యని యుండును. అంతకు ముందటి యేటి గుజ్జే ఫ్యాక్టరీలలో నిలిచియుండుటచే కాయ కొనువారు తగ్గిరి. చిత్తూరు జిల్లా రైతుకు కిలో యొక్కింటికి 12 రూపాయలు దక్కవలెనని ఆంధ్ర ప్రభుత్వము ఏర్పాటు చేసినది. అందు 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు ప్రభుత్వము ఇయ్యవలెను. తమ రైతుల కాయ ముందు అమ్ముడుపోవుటకై, ఇతర రాష్ట్రముల తోతాపురి ఆ జిల్లాలోనికి రాకూడదని జూన్ నెల 7వ తేదీన ఉత్తరువు వెలువడెను. దానిని ఎత్తివేయవలెనని కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ వ్రాసిరి.

ఆ ఉత్తరువును నేను తప్పుపట్టుట లేదు. వారి రైతును వారు చూచుకొనిరి. కాని మన స్థితి ఆలోచింపుడు. 1911 నుండి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన మన తాలూకా మద్రాసు రాష్ట్రమున చేరినది, సత్యవేడు వైపు గ్రామములు ఆంధ్రమునకు పోయినవి. ఆనాడు ఊళ్ల నడుమ గీత గీసిరి గాని తోపుల నడుమ గీయుట ఎవరికి సాధ్యము? కాయ మాత్రము ఎప్పటివలెనే దగ్గరి ఫ్యాక్టరీకి పోవుచుండెను. అరువది అయిదేండ్లకు ఆ గీత వచ్చి మామిడికాయ మీద పడినది.

మా తండ్రిగారి కాలము నుండి మా మండీకి కాయ వేయు పెద్ద రైతు ఒకరు కలరు. వారి తోపులో ఒకప్పుడు పది పన్నెండు రసాల చెట్లు, రెండు మూడు ఖాదరు చెట్లు, పేరు తెలియని నాటుచెట్లు కొన్ని ఉండెడివి. సుమారు పదునైదేండ్ల క్రిందట నేనే వారి కయ్యకు పోయి, “రెడ్డిగారూ, రసాలకు మండీలో అడిగేవాడు లేడు. ఫ్యాక్టరీ కావాలన్నది బెంగళూర. ఈ చెట్లు ఉత్తగా ఎందుకు నిలబెట్టుకోవడం?” అని చెప్పితిని. వారు నా మాట నమ్మి చెట్లు కొట్టించి బెంగళూర అంట్లు నాటించిరి. ఆ వేసవిలో వారు మా మండీకి వచ్చి, బల్ల మీద కూర్చుండి అడిగిన ప్రశ్న ఇది: “ఏమప్పా, నువ్వు చెప్తేనే కదా ఆ చెట్లు కొట్టించింది. నాలుగు రకాలున్నప్పుడు ఒకటి పోతే ఇంకొకటి నిలబెట్టేది. ఇప్పుడేం చేయమంటావు?”

నేను కాఫీ తెప్పించితిని. అంతకు మించిన సమాధానము నా యొద్ద లేకపోయెను.

ఆ యేటనే మా బంధువుల పిల్లవాడొకడు పోర్చుగలు దేశము నుండి సెలవు మీద వచ్చెను. అతడు తెచ్చిన వస్తువులలో ఆ దేశపు ద్రాక్షతోటల పటమొకటి యుండెను. ఏ సీమలో ఏ ద్రాక్ష పండునో, దానితో చేయు ఆసవమునకు ఏ పేరో రంగులు వేసి చూపిన పటము. తక్కినవారు చాక్లెట్లు పంచుకొనుచుండగా నేను ఆ పటము ముందు కూర్చుంటిని. తమిళనాటి కంటె చిన్న దేశము. జనసంఖ్య సుమారు ఒక కోటి. అట్టి దేశమందు అక్కడనే పుట్టిన ద్రాక్ష రకములు 250కి పైగా కలవు! తెలుగునాట పుట్టిన మామిడి పేరులు చెప్పుమని నన్నెవరైన అడిగినచో, మండీవాడనై యుండియు ఇరువది దాటి చెప్పలేను.

ఆ దేశపు వైనులలో లోకమంతట పేరొందినవి రెండు: పోర్టు, మదీరా. మదీరా ఒక ద్వీపము. తూర్పిండియా కంపెనీ ఓడలు అచ్చట ఆగి పీపాలు ఎక్కించుకొని మన సముద్రములకు వచ్చెడివి. ఎండకును ఓడ కుదుపునకును ఆ సరకు చెడుటకు మారు మరింత రుచికరమైనదట. పిమ్మట ఆ రుచి కొరకే పీపాలను ఉష్ణదేశముల దాక త్రిప్పి తీసికొనిపోయెడివారు. చెన్నపట్టణపు కోటలోని దొరలు ఇష్టపడి త్రాగినదియు అదియే. మన ఎండ వలన బాగుపడిన సరకు అదొక్కటియే కాబోలు.

పోర్టు కథ వ్యాపారికి పాఠము వంటిది. ద్రాక్ష పండునది దౌరో నది లోయలోని కొండవాలులందు. పేరు మాత్రము సరకు ఓడనెక్కు రేవు పట్టణము పోర్తోది. పద్దెనిమిదవ శతాబ్దమందు ఇంగ్లండులో దానికి గిరాకి పెరుగగానే, ఇతర సీమల నాసి రకములు కలిపిరి, రంగు కొరకు ఏవో పండ్ల రసములు పోసిరి. కొనువారికి నమ్మకము తప్పి ధర పడిపోయెను. అప్పుడు పొంబల్ అను మంత్రి 1756లో ఆ సీమకు ఎల్లలు నిర్ణయించి, మూడు వందలకు పైగా రాతి స్తంభములు నాటించెను. ఆ రాళ్ల లోపల పండినదానికే ఆ పేరు. ఇప్పటికిని ఆ రాళ్లు కొన్ని తోటలలో నిలిచియున్నవని ఆ పిల్లవాడు బొమ్మలు చూపెను. మనవైపు తోపు నుండి లారీలో కోయంబేడు చేరినంతనే మన కాయ సేలం పండగుచున్నది. ఏ రాయి అడ్డము లేదు. నేను కూడ ఆ పేరుతో సరకు పంపినవాడనే.

అయితే నన్ను ఎక్కువగ ఆకర్షించినవి ఆ రెండు పేరొందిన వైనులు కావు. పటములో గోరంత చోటు మాత్రము ఆక్రమించు చిన్న సీమలు. లిస్బను నగరమునకు సమీపమున సముద్రపు ఒడ్డున కొలారెస్ అను చోటు కలదు. అంతయు ఇసుక దిబ్బలు. ద్రాక్షవేరు ఇసుక క్రిందనున్న బంకమట్టిని అందుకొనవలెను గనుక నిలువెత్తు గోతులు త్రవ్వి తీగ నాటుదురు. ఇసుక కూలి మీదపడినచో ఊపిరి ఆడుటకై త్రవ్వు కూలివాడు తలమీద గంప బోర్లించుకొనెడివాడట. పందొమ్మిదవ శతాబ్దపు రెండవ సగమున అమెరికా నుండి వచ్చిన వేరుపురుగు ఐరోపా ద్రాక్షతోటలను ఇంచుమించుగా తుడిచిపెట్టెను. ఇసుకలో ఆ పురుగు బ్రతుకలేదు. అందుచేత కొలారెస్‌లోని రమిష్కో అను ద్రాక్ష తన సొంత వేరు మీదనే నిలిచినది. ఎంత కష్టపడి పండించిరో అదియే దానికి రక్ష యైనది.

దాని పొరుగుననే కార్కవేలోస్ అను మరియొక సీమ. దానికి పురుగు కంటె నగరమే ఎక్కువ కీడు చేసినది. లిస్బను పెరిగి పెరిగి తోటలను ఇండ్ల స్థలములుగ మార్చగా, ఆ పేరు గల ఆసవము దాదాపు అంతరించినది. చివరకు ఒయిరాస్ అను ఊరి పురపాలక సంఘమే పూనుకొని, పొంబల్ మంత్రికి చెందిన పాత ఎస్టేటులో ఆ ద్రాక్షను మరల పెంచి ఆసవము చేయుచున్నది. పురపాలక సంఘము ఈ పని చేయుచున్నదని విని నేను మొదట నమ్మలేదు. తిరువళ్లూరు దారిలో ప్లాట్ల రాళ్లు పాతిన తోపులను చూచినప్పుడెల్ల నాకు ఆ ఊరు జ్ఞాపకము వచ్చుచున్నది.

ఇంకను కలవు. దక్షిణమున అలెంతేజు సీమలో నేటికిని మనిషి యెత్తు మట్టి జాడీలలో, రోమనుల నాటి పద్ధతిని, ద్రాక్షరసమును ఊరవేయుదురు. నవంబరు 11వ తేదీ పండుగనాడు జాడీ తెరచి ఊరందరు రుచిచూతురు. ఆవకాయ జాడీకి వాసెన విప్పు దినమున మన యిండ్లలోని సందడి మీకు తెలిసినదే. పీకో యను ద్వీపమున నల్లని కొండరాళ్లను గోడలుగ పేర్చి, ఒక్కొక్క గదిలో కొన్ని తీగలను మాత్రము సముద్రపు గాలి నుండి కాపాడుదురు. ఆ గోడల తోటలను 2004లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిరి.

ఈ పోర్చుగీసువారు మనకు కొత్తవారు కారు. మన జిల్లాలోనే పళవేర్కాడు కలదు గదా. తెలుగువారు దానిని ప్రళయకావేరి యనెడివారు. పదునారవ శతాబ్దపు ఆరంభముననే వారు అచ్చట కాపురము పెట్టి చర్చి కట్టిరి. పిమ్మట డచ్చివారు వచ్చిరి. ఇంగ్లీషువారు నేడు వాడు మ్యాంగో అను మాట కూడ పోర్చుగీసువారు మన దక్షిణదేశపు “మాంగా” అను మాటను పట్టుకొని పోయినదే. గోవాలో అంటుకట్టు పద్ధతిని మామిడికి వ్యాపింపజేసినవారును వారే. తమ గవర్నరు అల్బుకెర్కు పేరు మీద ఒక పండునకు అల్ఫోన్సో యని పేరు పెట్టిరి. అదియే మన చిత్తూరు వైపు ఖాదరు, మరియొకచోట గుండు, కన్నడదేశమున బాదామి. పేరు మారినది గాని పండు మారలేదు.

అంటు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పవలెను. ఇది తోపులున్నవారికి తెలిసినదే, పిల్లలకు తెలియదు. మంచి పండు తిని టెంకె నాటినంత మాత్రమున అదే పండు రాదు. మన దేశపు మామిడిలో ఒక్కొక్క టెంకె నుండి వచ్చు చెట్టు ఒక్కొక్క కొత్త చెట్టు. బనగానపల్లె అయినను ఇమాం పసందు అయినను ఒకనాడు ఎవరి తోటలోనో ఒకే చెట్టుగా ఉండి, ఎవరో రుచి కనిపెట్టి అంటు కట్టుటచే నిలిచినవి. అంటు కట్టని చెట్టు కూలిన దినమున ఆ రకమే లోకమున లేకుండ పోవును. నేను కొట్టించిన చెట్లలోని నాటుచెట్లు ఎట్టివో ఇక ఎవరును చెప్పజాలరు.

తెలుగునాటి పటమును కూడ ఆ పోర్చుగలు పటము వలె రంగులు వేసి చూపవచ్చును. ఉత్తరమున విజయనగరము వైపు సువర్ణరేఖ. సుందరి యనియు అందురు. బుగ్గ మీద ఎఱుపు గల పండు, తొందరగ మార్కెట్టునకు వచ్చును. గోదావరి సీమలో కొత్తపల్లి కొబ్బరి. దానిని ఊరగాయ పెట్టువారు వెదకి కొందురు. నూజివీడు చిన్నరసము, పెద్దరసము. రసమును కోసి పళ్లెములో పెట్టరాదు. అరచేతుల నడుమ మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి పీల్చవలెను. ఆ పని చేయుచు చొక్కా పాడుచేసికొనని పిల్లవాడు నేనెరిగిన తెలుగింట లేడు. ఇప్పటి పిల్లలు చెంచా అడుగుచున్నారు! హైదరాబాదువారి హిమాయతు మన ఇమాం పసందే. బనగానపల్లెను గురించి చెప్పనక్కర లేదు.

మనవైపు వచ్చినచో మల్గోవా, రుమాని, నీలము. మల్గోవా టెంకె సంతతి సముద్రము దాటినది: 1889లో భారతదేశము నుండి మల్గోవా చెట్లను అమెరికాకు పంపిరి. ఫ్లోరిడాలో దాని టెంకె నుండి మొలచిన ఒక చెట్టు హేడెన్ అను పేరుతో ఆ దేశపు మామిడి వ్యాపారమునకే మూలమైనది. రుమానిని మండీలో చిన్నచూపు చూతురు. గుండ్రముగ, యాపిలు వలె ఉండును, తోలు పలుచన. లారీలో నాలుగు గంటలు కుదిపినచో అందము చెడును. చెట్టు క్రింద తిన్నవానికే దాని విలువ తెలియును.

నీలమును గూర్చి రెండు మాటలు ఎక్కువ చెప్పుదును. అది పేదవాని పండు. బనగానపల్లె ముగిసిన తరువాత వచ్చును, ఇంచుమించు ప్రతియేట కాయును, చిన్నది. టెంకెలో పురుగు పడు దోషము కలదు. అందుచే ధర తక్కువ. మా తాతగారు దానిని “బాకీ తీర్చు కాయ” అనుచుండెడివారు. ఇతర కాయలు మోసము చేసిన యేట కూడ అది చేతికి నాలుగు రూకలు తెచ్చెడిది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థవారు మంచి సంకర రకములు పుట్టింపదలచి, ఉత్తరదేశపు దశేరీకి జోడు వెదకి ఈ నీలమును ఎన్నుకొనిరి. మల్లికకు నీలము తల్లి, ఆమ్రపాలికి తండ్రి. మనము గంపకు ధర తగ్గించి కొను పండునకు అక్కడ అట్టి పీట వేసిరి.

ఇక చట్టముల సంగతి. పోర్చుగలు రాళ్లు నాటిన పని మన దేశమున 1999లో చట్టమై, 2003లో అమలునకు వచ్చినది. ఫలానా ఊరి సరకు అను పేరును ఆ ఊరివారికే దక్కించు చట్టమిది. తిరుపతి లడ్డునకు 2009లో, బనగానపల్లె మామిడికి 2017లో ఆ రక్షణ లభించినది. ఆ పేరులు నమోదు చేయు కార్యాలయము ఢిల్లీలో లేదు, చెన్నైలో గిండీయందే కలదు. మనకు రైలు దారిలో రెండు మూడు గంటల ప్రయాణము. రైతు తన తోటలో కాపాడిన రకమును తన సంఘము పేరనో తన పేరనో నమోదు చేసికొనుటకు 2001 నాటి మరియొక చట్టము అవకాశమిచ్చుచున్నది. దానికి రైతు రుసుము చెల్లింపనక్కర లేదు. అయినను ఈ కాగితములకై ఇప్పుడే తొందరపడుమని నేను చెప్పను. కాగితమునకు ముందు చెట్టు ఉండవలెను, చెట్టునకు పేరు ఉండవలెను.

ఆ పేరులే మనయందు పోవుచున్నవి. మన పిల్లలు బడిలో తమిళము చదువుదురు, మంచిదే. మామిడిని మాంబళము అందురు, అదియు తప్పు కాదు. కాని చిన్నరసము, చెరకురసము, పంచదార కలశ అను పేరులకు బదులుగ వారి నోట మరియొక పేరు రావడము లేదు. ఏ పండైనను మాంబళమే, లేదా సేలం మాంబళమే. పేరులేని పండును అడిగి కొనువాడు ఉండడు. అడుగువాడు లేనిదే నావంటి మండీవాడు దానిని కొనడు. మండీవాడు కొననిచో చెట్టు గొడ్డలి పాలగును. ఈ మూడింటిలో నా చేతిలోనున్న మెట్టు ఒకటి కలదు గనుక దానిని గూర్చి మాట యిచ్చుచున్నాను. ఈ యేటి నుండి మా మండీలో రసాలకు, రుమానికి, నాటు రకములకు వేరుగ ఒక వరుస కేటాయింతును. పది గంపలే వచ్చినను వాటిని ఇతర కాయతో కలుపక, పేరు వ్రాసిన చీటితో అమ్మింతును. కోయంబేడులో సేలం అని కేకవేయువారిని నేను మాన్పలేను. నా చీటీలో మాత్రము తిరుత్తణి యని యుండును. ఇందు కొంత నష్టము వచ్చునని మా తమ్ముడు ఇదివరకే లెక్కవేసి చూపెను.

మీ నుండి కోరునది ఒక్కటి. ఈ బల్ల మీద ఒక నోటుపుస్తకము ఉంచితిని. మీ పెరటిలో, తోపులో, అమ్మగారి ఊరిలో నున్న పాత చెట్ల వివరము అందు వ్రాయింపుడు: ఎవరు నాటిరి, ఎప్పుడు కాయును, కాయ రూపమేమి, కోతపండా రసమా ఊరగాయకా, మన యింట దాని పేరేమి, తమిళమున ఏమందురు. కొట్టము వెనుక చెట్టు, బెల్లపు చెట్టు అని ఇంటివారు పెట్టుకొన్న పేరైనను సరే. వానలు మొదలైనవి, అంటుకు ఇదియే అదను. ఒకే ఒక చెట్టుగ మిగిలినవాటికి ముందుగ అంటు కట్టింతము. కట్టువారి కూలి నేను భరింతును. ఒక అంటు చెట్టు గలవారికి, ఒకటి ఆ పెద్ద రైతు తోపునకు. వారికి నేను బాకీ యున్నాను.

మొదటి పుట నేనే నింపితిని. మా పెరటి చెట్టు అది. మా తాతగారు నాటినది. కాయ పిడికెడంత, తొడిమ వైపు కొంచెము వంకర. మాగినను తోలు పచ్చగనే యుండును గాని లోపల కుంకుమ వన్నె. పీచు కలదు. వాసన ఇంచుమించు సోంపు వాసన. నీలముతో పాటు వచ్చును. అన్ని గడులు నింపితిని, పేరు అను గడి ఖాళీగ నున్నది. మా నాయనమ్మ దానిని ఏదో పేరు పెట్టి పిలుచుచుండెడిది. నాకు ఆరేడేండ్లప్పుడు విన్న మాట, ఎంత యత్నించినను నోటికి రాలేదు. ఆమెతో కలిసి ఆ చెట్టు క్రింద ఒరుగులు ఎండబెట్టిన పెద్దమ్మలు ఇద్దరు ముగ్గురు ఈ సభలో కూర్చుండియున్నారు. వారి కొరకు ఆరు పండ్లు గంపలో తెచ్చితిని. సభ ముగిసినంతనే ఒకటి రుచిచూచి, ఆ పేరేదో చెప్పవలెనని ప్రార్థన.